నిల్వ మాధ్యమాల పారిశుద్ధ్యం

ఈ కథలోకి ఫినాయిల్ ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు కొలతల పునఃపరిశీలనా మండలి గురించి చెప్పాలి. కాకినాడలో మూడంతస్తుల మేడ, ముందు పోర్టికో, పోర్టికోలో కార్యదర్శి గారి కారు. రాష్ట్రంలో ఎవరైనా ఏదైనా కొలిస్తే, వాళ్లు సరిగ్గా కొలిచారా లేదా అని మళ్లీ కొలిచి చూడటం ఆ మండలి పని. అయితే దేన్ని మళ్లీ కొలవాలో పైనుంచి ఉత్తర్వు రావాలి. అలాంటి ఉత్తర్వు ఏ ఏడాదికో ఒకటి వచ్చేది. మిగతా కాలమంతా మండలి తనను తాను పరిపాలించుకుంటూ ఉండేది.

ఇందుమతి అక్కడ కంప్యూటర్ల విభాగం అధికారి. విభాగమంటే ఆమె, ఆమె బల్ల. పని బాగా తెలిసిన మనిషి, నెమ్మదస్తురాలు. ఒక్కటే లోపం. ఎవరైనా ఏదైనా అడిగితే పూర్తిగా, అవతలివాళ్లకు అర్థమయ్యేదాకా చెబుతుంది. ఆఫీసులో ఇది ఎంత ప్రమాదమో ఆమెకు అప్పటికింకా తెలియదు.

ఆ ఏడాది మండలిలోని పాత నిల్వ యంత్రం రిటైరైంది. బీరువా అంత యంత్రం. మండలి సమాచారమంతా దాని కడుపులో ఉండేది. దాని మెదడు లాంటి భాగం ఒక వేసవి మధ్యాహ్నం కాలిపోయింది. కొత్త యంత్రం వచ్చింది, సమాచారం కాపీ ముందునుంచీ వేరేచోట భద్రంగా ఉంది కాబట్టి ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. పాతదాని లోపల మాత్రం అరచేతిలో ఇమిడే సన్నటి డ్రైవులు అరల నిండా మిగిలిపోయాయి. వాటినే ఎస్సెస్‌డీలంటారు. అన్నీ మామూలు కంప్యూటర్లలో అమరే రకం. ఆరేళ్లు పనిచేసినా అవి రెండు శాతం కూడా అరగలేదు. ఇలాంటి డ్రైవు రాసేకొద్దీ అరుగుతుంది. మండలి ఏమన్నా రాస్తే కదా అరగడానికి.

ఒక్కటే చిక్కు. ప్రతి డ్రైవుకూ పాస్‌వర్డ్‌తో తాళం పడి ఉంది. ఆ పాస్‌వర్డ్ కాలిపోయిన యంత్రానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తాళం తీయకపోతే లోపలున్నది చదవలేం, కొత్తది రాయలేం. అయితే తయారుచేసినవాళ్లు దీనికి దారి వదిలారు. డ్రైవు మీద అంటించిన లేబుల్ మీద, చీమల బారు లాంటి అక్షరాలతో ఒక పొడవాటి సంకేతం ఉంటుంది. దాన్ని కంప్యూటర్లో కొడితే డ్రైవు తన తాళాన్నీ లోపలి సమాచారాన్నీ ఒక్కసారే వదిలేసి కొత్తదానిలా అయిపోతుంది. పాత సమాచారం ఇక ఎవరి తరమూ కాదు. అంత సులువైన పని.

ఈ డ్రైవుల కోసం ఎదురుచూస్తున్న మనిషి ఒకరున్నారు. ఇందుమతితో కలిసి చదువుకున్న షంషాద్ బేగం. కోనసీమలో ఒక ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లెక్చరర్. ఒకరోజు రెండు బస్సులు మారి వచ్చి ఇందుమతి బల్ల ముందు కూర్చుంది.

"మా ల్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ చేసి, పిల్లలు వెళ్లి మంచినీళ్లు తాగి, జడలేసుకుని వచ్చేత్తన్నారే. అప్పటికి గాని తెర వెలగట్లేదు" అంది షంషాద్. "వచ్చే నెల ఇన్‌స్పెక్షన్. ల్యాబ్ ఇలాగే ఉందంటే మా బ్రాంచి ఎత్తేసి, పిల్లల్ని కాకినాడ వెళ్లి చేరమంటారు. ఏటి అవతల నుంచి ఆడపిల్లని రెండు బస్సులెక్కించి ఎవరు పంపుతారు చెప్పు. సగం మంది ఇంట్లో కూర్చుంటారు. కూర్చున్నాక ఏమవుద్దో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"డ్రైవులు మారిస్తే చాలే. మీ కంప్యూటర్లు పరిగెడతాయి" అంది ఇందుమతి.

"ఇప్పిస్తావా మరి?"

"ఇప్పిస్తాను. ముందు చెరపాలి. దానికో ఉత్తర్వు కావాలి. అదెంతసేపు."

ఇందుమతి అదే రోజు కార్యదర్శి గారికి ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి పంపింది. స్టోరేజ్ మీడియాను మళ్లీ వాడే ముందు శానిటైజ్ చేయాలి, అనుమతి ఇవ్వండి అని. డ్రైవుల్లాంటి వాటిని స్టోరేజ్ మీడియా అనీ, అందులోది ఆనవాలు లేకుండా చెరపడాన్ని శానిటైజ్ చేయడమనీ కంప్యూటర్లవాళ్ల పరిభాషలో అంటారు. ఆమె తప్పేమీ రాయలేదు.

కాని మండలిలో ఆ రోజుల్లో తెలుగు ఉద్యమం నడుస్తోంది. ప్రతి కాగితమూ తెలుగులో కదలాలి. మంచి సంకల్పమే, కాదనేవారెవరు. ఆ పని భాషా విభాగం అధికారి ఆనందతీర్థాచారి గారి చేతిలో ఉంది. ఆయన పెద్ద పండితుడు, కంప్యూటర్ ముట్టుకోని నియమం గలవారు. అంతకు ముందే ఇందుమతి విండోస్ అప్‌డేట్‌కు అనుమతి అడిగితే, ఆయన దాన్ని ‘కిటికీల నవీకరణ’ అని తెనిగించారు. మర్నాడు వడ్రంగులు వచ్చి మేడకున్న కిటికీలన్నీ చిత్రిక పట్టి రంగులేసి వెళ్లారు. కిటికీలు బాగుండటంతో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇందుమతి కూడా నవ్వి ఊరుకుంది. అప్పుడే ఊరుకోకుండా ఉండాల్సింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

‘మండలియందలి నిల్వ మాధ్యమములను పునర్వినియోగమునకు పూర్వము సంపూర్ణముగా పారిశుద్ధ్యమొనర్చవలెను. తగు చర్య నిమిత్తము పారిశుద్ధ్య విభాగమునకు బదిలీ చేయడమైనది.’

ఇందుమతి ఆ కాగితం పట్టుకుని ఆచారి గారి గదికి పరిగెత్తింది.

"ఆచారి గారూ, ఇది పారిశుద్ధ్యం కాదండి. లోపలి సమాచారం తీసేయడం."

"మీరు రాసింది శానిటైజ్ అనే కదమ్మా?"

"అవునండి."

"శానిటేషన్ విభాగానికి పారిశుద్ధ్య విభాగమని పేరు పెట్టింది ఈ చేత్తోనే. ఆ మాట ఇరవయ్యేళ్లుగా గౌరవంగా బతుకుతోంది. ఇప్పుడు మీ పెట్టెల కోసం దానికి వేరే అర్థం చెబితే, వాళ్ల గుమ్మం మీది బోర్డు కూడా మార్చాల్సి వస్తుంది."

"పోనీ, చెరపడం అని రాయండి."

ఆచారి గారు కళ్లజోడు తీసేశారు. "చెరుపు అంటే కీడు అని అర్థం తల్లీ. ఆ ధాతువుకు ఇంకా నీచమైన అర్థాలున్నాయి, ఆడపిల్లవు నీ ముందు చెప్పలేను. మండలి ఉత్తర్వులో ఆ మాట నా కలం రాయదు."

"తుడవడం అందామండి."

"తుడవడమూ పారిశుద్ధ్యమే కదమ్మా. మరి నేను రాసినదాంట్లో తప్పేముంది?"

ఆయన చెప్పే ప్రతి మాటా విడిగా చూస్తే సరిగ్గానే ఉంది. ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చేసింది, అర్థం మాత్రం దారిలో ఎక్కడో దిగిపోయింది. దిగినచోట దాన్ని వెతికి తీసుకురావడం ఆచారి గారి విధుల్లో లేదు.

మర్నాడు పారిశుద్ధ్య విభాగం పర్యవేక్షకుడు డేవిడ్‌రాజు తన మనుషులతో, వీపుకు తగిలించుకునే మందు పంపులతో కంప్యూటర్ల గదిలోకి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి, పనంటే అభిమానం ఉన్నవాడు. వస్తూనే వంగి డ్రైవులున్న అరల కింద చూశాడు.

"నిల్వ ఎక్కడుందండి మేడంగారూ?"

"నిల్వంటే నీళ్లు కాదండి. సమాచారం. ఇదిగో, వీటి లోపల ఉంది."

"నిల్వన్నాక ఏదైనా ఒకటేనండి. నిల్వుంటే దోమ పడతాది." ఒక డ్రైవును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఎన్నాళ్లబట్టి ఉందండి లోపల?"

"ఆరేళ్లు."

డేవిడ్‌రాజు తన మనుషుల వైపు తిరిగి, చూశారా అన్నట్టు తలాడించాడు.

ఇందుమతి తన అలవాటు ప్రకారం ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం వివరించింది. తాళం గురించి, లేబుల్ మీద సంకేతం గురించి, షంషాద్ కాలేజీ పిల్లల గురించి. ఆయన శ్రద్ధగా విన్నాడు, మధ్యలో మంచి ప్రశ్నలు కూడా వేశాడు. అంతా విని లేచాడు.

"మీరు చెప్పిందంతా అర్థమైందండి. మా అమ్మాయి కూడా డిప్లొమానే చదువుతుంది. కాని నాకొచ్చిన ఆర్డర్లో అర్థం చేసుకోమని లేదండి, పారిశుద్ధ్యం చేయమనుంది. చేయకపోతే నా మీదకొత్తాది. కార్యదర్శి గారు ఒక్క మాటంటే ఇప్పుడే వెళ్లిపోతానండి."

"ఒక్క గంట ఆగండి. నేను మాట్లాడి వస్తాను."

"ఆయ్, అలాగేనండి. ఈలోపు వరండాకి మందు కొట్టుకుంటాం."

కార్యదర్శి పాండురంగప్రసాద్ గారు మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుండేది. ఇంట్లో కూడా మజ్జిగ కావాలంటే ‘పై విషయమై’ అని మొదలుపెడతారని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన ఇందుమతి చెప్పింది కళ్లు మూసుకుని విన్నారు.

"మీ అభ్యర్థన పరిశీలనార్హమైనదే. అయితే పారిశుద్ధ్యానికి మీకుగల అభ్యంతరం ఏమిటో స్పష్టపరచండి."

"పైన ఎంత తుడిచినా లోపలిది పోదు సార్. పైగా ఫినాయిల్ పడితే లేబుల్ పాడవుతుంది. మాకు కావలసింది ఆ లేబులే సార్."

"లేబుల్‌కు అంతటి ప్రాధాన్యత ఎందుకు?"

ఇక్కడ ఏదో ఒకటి చెప్పి బయటపడి ఉంటే కథ వేరుగా ఉండేది. తయారీవాళ్ల గ్యారంటీ అని ఉంటే సరిపోయేది. కాని అడిగారు కదా అని ఇందుమతి పూర్తిగా చెప్పింది.

"దాని మీద ఒక సంకేతం ఉంటుంది సార్. అది కొడితే చాలు, డ్రైవులో ఉన్న మండలి సమాచారమంతా ఒక్క క్షణంలో పోతుంది."

పాండురంగప్రసాద్ గారి కళ్లు తెరుచుకున్నాయి.

"మండలి సమాచారాన్ని సమూలంగా నాశనం చేయగల సంకేతం. దాన్ని పెట్టె బయటి వైపున, దారినపోయేవారు చదివేలా అంటించి ఉంచారా? ఆరు సంవత్సరాలుగా?"

"చదివినా ప్రమాదం లేదు సార్. యంత్రం తాళంవేసిన గదిలోనే ఉండేది. అసలు ఆ సంకేతం ఉన్నదే..."

"ఇది తీవ్రమైన భద్రతా లోపం. బాధ్యులెవరన్నది తరువాత నిర్ణయిద్దాం. తక్షణ చర్యగా, ఫినాయిల్‌కు ముందుగా ఆ లేబుళ్లను నామరూపాలు లేకుండా తొలగించవలసిందిగా పారిశుద్ధ్య విభాగానికి ఆదేశాలిస్తున్నాను. ఈ అంశాన్ని మా దృష్టికి తెచ్చినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను."

ఇందుమతి కాళ్లీడ్చుకుంటూ బయటికి వచ్చింది. ఇన్నాళ్లూ నిజం చెబితే పని జరుగుతుందనుకుంది. జరిగింది, ఇంకోరకం పని.

కార్యక్రమం శుక్రవారం పెట్టారు. ‘మాధ్యమాల పారిశుద్ధ్య కార్యక్రమం’ అని ఆహ్వానపత్రిక ఊళ్లో పత్రికల వాళ్లకు వెళ్లింది. మాధ్యమాలంటే తామే అనుకుని, మేం చేసిన మురికేమిటని వాళ్లు మండలి గేటు ముందు కాసేపు బైఠాయించారు. టిఫిను పెడతామన్నాక లోపలికి వచ్చి కూర్చున్నారు.

తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద డ్రైవుల్ని వరసగా పేర్చారు. మురుగుకాలువలకు వేసినట్టే ఒక్కోదాని మీదా ఓ మూలన ఎర్ర రంగుతో వరస నంబరు వేశారు. ఇందుమతి డేవిడ్‌రాజును బతిమాలి, డ్రైవును కంప్యూటర్‌కు తగిలించే పళ్లకు మాత్రం సెల్లోటేపు అంటించేలా ఒప్పించింది. అంతవరకే ఆమె చేయగలిగింది. తర్వాత ఒకరు స్పిరిట్‌తో లేబుల్ నానబెడితే, ఇంకొకరు బ్లేడుతో గీకారు, మూడోవాళ్లు ఫినాయిల్ గుడ్డతో తుడిచారు. పాండురంగప్రసాద్ గారు మొదటి డ్రైవును స్వయంగా తుడిచి, స్వచ్ఛమైన నిల్వ మాధ్యమమే స్వచ్ఛమైన పరిపాలనకు పునాది అని ప్రసంగించారు. ఆచారి గారు శౌచం అనే మాట పుట్టుపూర్వోత్తరాల గురించి మాట్లాడారు. డ్రైవులన్నీ డాబా మీద ఎండలో, వడియాల్లా ఆరాయి.

సాయంత్రం షంషాద్ ఫోన్ చేసింది.

"చెరిపేశావా?"

"అన్నీ చెరిపేశారే. లోపలున్నవి తప్ప."

షంషాద్ అంది. "పిల్లలకి చెప్పేశాను ఇందూ. కొత్త డ్రైవులొత్తన్నాయని కంప్యూటర్లన్నీ విప్పి, దుమ్ము దులిపి, పెన్నులతో నంబర్లేసి పెట్టుకున్నారు. సోమవారం పొద్దున్నే ఇన్‌స్పెక్షన్. వాళ్లకేం చెప్పను?"

సంకేతం లేని డ్రైవు బల్ల మీద కాగితాలెగిరిపోకుండా పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

శనివారం ఉదయం, సెల్లోటేపులైనా తీయిద్దామని పారిశుద్ధ్య విభాగానికి వెళ్లింది. డేవిడ్‌రాజు ఫోన్‌లో తలదూర్చి కూర్చుని ఉన్నాడు.

"రండి మేడంగారూ. ఈ ఫొటోలు ఎక్కించలేక చస్తన్నానండి. ఏ చోట శుభ్రం చేసినా ముందో ఫొటో, తర్వాతో ఫొటో పైకి పంపాలి కదండి. లేకపోతే పని చేసినట్టు లెక్కకాదండి. మొత్తం ఒకటే చోటని రాద్దామంటే కార్యదర్శి గారు ఒప్పుకోలేదు. ఒక్కో డ్రైవూ ఒక్కో చోటేనంట. ఎన్ని ఎక్కువ చోట్లుంటే మండలికి అంత మంచి పేరంట."

ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో చూడండి, తర్వాత ఫొటో. అద్దంలా మెరుత్తంది."

"ముందు ఫొటో చూపించండి" అంది ఇందుమతి.

"అదెందుకండి, మరకలు మరకలుగా ఉంటాది."

"చూపించండి డేవిడ్‌రాజు గారూ."

చూపించాడు. మూలన ఎర్ర నంబరు. దాని కింద లేబుల్. వేళ్లతో పెద్దది చేస్తే చీమల బారు సంకేతం, ఒక్క అక్షరం చెదరకుండా. పక్క ఫొటోలో రెండో డ్రైవు. ఆ పక్కన మూడోది. అన్నీ ఉన్నాయి.

"నాకు ఈ ముందు ఫొటోలన్నీ పంపండి. ఇప్పుడే పంపండి."

"ఈ ఉద్యోగంలో చేరిన కాడ్నుంచి అందరూ తర్వాత ఫొటో అడిగినోళ్లేనండి" అన్నాడు డేవిడ్‌రాజు. "ముందు ఫొటో అడిగిన మనిషి మీరొక్కరే." అని ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా అన్నీ పంపించాడు. కుర్రాళ్లను పిలిచి డ్రైవులన్నీ ఆమె గదికి మోయించాడు కూడా.

మధ్యాహ్నానికల్లా ఇందుమతి కళ్లు ఎర్రబడ్డాయి, మెడ పట్టేసింది. నంబరు చూడటం, సంకేతం కొట్టడం, డ్రైవు ఖాళీ అయిందని తెర మీద చూసుకోవడం. మొదటి డ్రైవు తాళం ఊడినప్పుడు ఆమె కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. ఆ గదిలో నవ్వు వినపడటం అదే మొదలు. గది నిండా ఫినాయిల్ వాసన, అయినా ఆమెకు ఆకలేసింది.

ఇక గేటు దాటించడం మిగిలింది. డ్రైవులు బయటికి వెళ్లాలంటే అవి చెరిగాయని కార్యదర్శి గారు నమ్మాలి. ఇందుమతి ఫోన్ చేస్తే షంషాద్ అప్పటికే ఆటో మాట్లాడుకుని వచ్చి ఆయన గది బయట బెంచీ మీద కూర్చుంది. శనివారమైనా కార్యక్రమం విజయవంతమైన సందర్భంగా పాండురంగప్రసాద్ గారు ఆఫీసులోనే ఉన్నారు, పక్కన ఆచారి గారు కూడా ఉన్నారు. ఇందుమతి ఒక డ్రైవును ఆయన కంప్యూటర్‌కే తగిలించి చూపించింది. తెర మీద ఖాళీ.

"ఏమీ లేదే" అన్నారు కార్యదర్శి గారు.

"ఏమీ లేదు సార్."

"నిన్నటి వరకు సమాచారం ఉండెను కదా?"

"ఉండేది సార్."

"మధ్యలో జరిగినది పారిశుద్ధ్యం." ఆయన ముఖం నెమ్మదిగా విప్పారింది. "అనగా ఫినాయిల్ బాహ్యముగానే గాక, అంతర్గతముగా కూడా పనిచేసినది. మీరేమంటారు?"

ఇందుమతి నోరు తెరిచింది. చెప్పడానికి చాలా ఉంది. ఎప్పటిలాగే మొదట్నుంచి చెబుదామనుకుంది. కాని చెబితే, ఆయన నిషేధించిన సంకేతాల్ని ఎక్కడినుంచి తెచ్చావంటారు, డేవిడ్‌రాజు మీదకొస్తుంది, విచారణంటారు, డ్రైవులు బీరువాలోకి పోతాయి. తలుపు సందులోంచి షంషాద్ కనిపిస్తోంది. చేతి గడియారం చూసుకుంటోంది.

"ఫినాయిల్ తర్వాతే చెరిగాయి సార్" అంది. అందులో అబద్ధం లేదు.

"రాసుకోండి ఆచారి గారూ. ఫినాయిల్ వలననే నిర్మూలనమైనవి అని కంప్యూటర్ల అధికారిణి ధ్రువీకరించడమైనది."

‘తర్వాత’ అన్న మాట కాగితం మీద ‘వలన’ అయిపోయింది. ఇందుమతి చూసింది. ఆచారి గారు ముచ్చటైన దస్తూరీతో రాసి ఇచ్చిన కాగితం కింద సంతకం పెట్టేసింది. ఆటో కదులుతుంటే షంషాద్ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సోమవారం ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. ఆదివారమంతా పిల్లలు ల్యాబ్‌లోనే ఉండి డ్రైవులు బిగించారు. బటన్ నొక్కిన వెంటనే తెరలన్నీ వెలిగేసరికి వచ్చిన పెద్దమనిషి ముచ్చటపడ్డాడట. ఈ ల్యాబ్‌లో ఏదో ఆసుపత్రి వాసన వస్తోందేమిటని మాత్రం అడిగాడట. శుభ్రతకు పెట్టింది పేరండి మా కాలేజీ అంది షంషాద్. బ్రాంచి నిలబడింది. ఏ తండ్రీ కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. ఇందుమతి ఆ మాట ఫోన్‌లో విని, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది.

మండలి పెద్ద పని ఏదైనా చేసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. దొరక్క దొరక్క దొరికిన ఈ విజయాన్ని పాండురంగప్రసాద్ గారు వదలదలచుకోలేదు. అన్ని శాఖలకూ లేఖలు రాశారు. కొన్ని కార్యాలయాలు తమ పాత కంప్యూటర్లకు ఫినాయిల్ పట్టించి, ముందు తర్వాత ఫొటోలతో నివేదికలు పంపాయి. లోపల చెరిగిందా లేదా అని ఎవరూ చూడలేదు, నివేదికలో ఆ గడి లేదు. ఆ కీర్తి పాకి పాకి పాఠ్యాంశాలు తయారుచేసే వాళ్లదాకా వెళ్లింది. మన గడ్డ మీద, మన భాషలో పుట్టిన సాంకేతిక విధానం అని వాళ్లు సంతోషపడి దాన్ని డిప్లొమా చివరి ఏడాది పుస్తకంలో చేర్చారు.

ఆ సంగతి ఇందుమతికి షంషాద్ కాలేజీలోనే తెలిసింది. ఒకసారి వచ్చి మా ల్యాబ్ చూసి వెళ్లమని పిల్లలు పిలిస్తే వెళ్లింది. కంప్యూటర్లు చకచకా నడుస్తున్నాయి, కొబ్బరినీళ్లు తెచ్చిపెట్టారు. ఇందుమతి ఉత్సాహం పట్టలేక, డ్రైవు తాళం ఏమిటో, సంకేతం ఏమిటో, లోపలి సమాచారం నిజంగా ఎలా పోతుందో మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. పిల్లలు చక్కగా విన్నారు. అంతా అయ్యాక నీలవేణి అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడంగారూ, ఒక డౌటండి. ‘ఇందుమతి విధానము’ అంటే మీదేనాండి?"

"ఏ విధానం?"

అమ్మాయి పుస్తకం తెరిచి చదివింది. "నిల్వ మాధ్యమముల పారిశుద్ధ్యమునకు ఇందుమతి విధానమునందు లీటరు నీటికి ఎన్ని మూతల ఫినాయిల్ కలుపవలెను? రెండు మార్కులండి. మీరు ఇప్పుడు చెప్పింది రాయమంటారా, మూతలు రాయమంటారా?"

షంషాద్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇందుమతికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు తలుపు సందులోంచి చూసి మింగిన మాట, ఇన్ని తరగతుల్లో ఇంతమంది పిల్లలు బట్టీపడుతున్న అబద్ధమై తన పేరుతోనే కూర్చుంది. ఆ పిల్లల కోసమే మింగింది, నిజమే. ఇప్పుడు చదువుతున్నదీ ఆ పిల్లలే.

"కొద్దిరోజులాగమ్మా. నేను రాసి సరిచేయిస్తాను" అంది.

ఈసారి ఆమె జాగ్రత్తపడింది. ఇంగ్లీషులో రాయలేదు, అనువాదం పని ఎవరికీ పెట్టలేదు. పాఠ్యాంశాల వాళ్లకు తానే తెలుగులో, చంటిపిల్లకైనా తెలిసేలా ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టింది. వట్టి ఫినాయిల్ వల్ల డ్రైవులో ఒక్క అక్షరం కూడా పోదు అని. ఉద్యోగానికి ఏం ముప్పొచ్చినా రానీ అనుకుంది. ఆ ఉత్తరాన్ని వాళ్లు అభిప్రాయం కోసం మండలికి పంపారు, మండలిలో సమావేశం జరిగింది, ఆమెను పిలవలేదు. ఆమెకు ఏ ముప్పూ రాలేదు. పరీక్షలకు పది రోజుల ముందు అన్ని కాలేజీలకూ సవరణ వచ్చింది.

‘సదరు విధానమును రూపొందించిన నిపుణురాలే, వట్టి ఫినాయిల్ వలన ఫలితము లేదని స్వహస్తములతో తెలియజేసియున్నందున, ఇకమీదట ఫినాయిల్‌తో పాటు బ్లీచింగ్ పౌడరును కూడా విధిగా వాడవలెను. ఈ రెండు దశలను పటసహితముగా వివరింపుము అను ప్రశ్నకు ఇకపై ఎనిమిది మార్కులు కేటాయించడమైనది.’

ఆ సాయంత్రమే ఇందుమతికి ఫోన్ వచ్చింది. నీలవేణి. వెనకాల పిల్లలంతా గట్టిగా వల్లెవేస్తున్నది వినపడుతోంది.

"మేడంగారూ, నేనండి. రెండు మార్కుల ప్రశ్న కాస్తా ఎనిమిదైందండి. ఇప్పుడు బ్లీచింగ్ కొలతలు కూడా బట్టీపట్టాలండి, బొమ్మ కూడా ఎయ్యాలండి. అసలు సంగతేంటో మా ల్యాబ్‌లో అందరికీ తెలుసండి, మర్చిపోం. మీకు దణ్ణం పెడతానండి. పరీక్షలయ్యేదాకా మీరింకేమీ రాయకండి."

"అలాగేనమ్మా" అంది ఇందుమతి.